నడవడి

ఇబ్రహీంపట్నమున మా తరగతిలో ‘నడవడి’ యను మాటకు అర్థము చెప్పుచుండగా నొక బాలుడు లేచి, కాలు నీచమని పెద్దలందురు గదా, మంచితనమునకు నడక పేరేల పెట్టిరని యడిగెను. ఆనాడు నాకు సమాధానము తోచలేదు.

మంచిచెడ్డలకు పేరు పెట్టునపుడు మన భాష తలవంక చూడలేదు. నడచుటనుండియే నడత, నడవడి పుట్టినవి. సంస్కృతమునందును చరణము, చరిత్రము, ఆచారము అను మూడును ‘చర’ ధాతువునుండి కలిగినవే.

అయినను మనము మనుష్యులను తల యనియు, కాలనియు విభజించితిమి. పురుషసూక్తమున శూద్రుడు పాదములనుండి పుట్టెనని యున్నది. దానిని పట్టుకొనినవారు, భూమియు పాదములనుండియే పుట్టెనని యందే యుండుట మరచిరి. నైజాము కాలమున తెలంగాణములో పేదవాడు దొర గడి ముందు చెప్పులు చేతబట్టి నడువవలసి యుండెను. ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ యనవలసి యుండెను. అచ్చట నీచమైనది మ్రొక్కించుకొన్నవాని నడవడియే.

వర్ణములకు వెలుపల నుంచబడినవారి మాట చెప్పనేల? 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దు చేసినది. కాని పనిచేయువారికి వేరు గ్లాసు పెట్టు వంటయిల్లు నేటికిని గలదు. చదువరులారా, అది మన యింట నున్నచో ముందు దానిని తీసివేయుదము.

మరునాడు బాలునితో నింతే చెప్పితిని: నాయనా, మనిషి యెట్లు నడచెనో చూడుమనియే యా మాట పుట్టినది.