ఒక కాఫీకి ఎన్ని గంటలు?

ఒక కాఫీ కొన్నవాడికి ఆ కుర్చీ మీద ఎంతసేపు హక్కుంటుంది? కాఫీ తాగేంతసేపు అంటే కుదరదు, మనం కాఫీ కోసమే కెఫేకి వెళ్ళి చాలా ఏళ్ళయింది. డబ్బులిచ్చాం కాబట్టి షాపు మూసేదాకా అని ఎవరూ పైకి అనరు గానీ, చాలామంది చేసేది అదే. మాదాపూర్‌లోనో ఇందిరానగర్‌లోనో లాప్‌టాప్ తెరుచుకుని కూచున్న ప్రతివాడికీ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది, వెయిటర్ మూడోసారి వచ్చి "ఇంకేమైనా కావాలా సార్" అన్నప్పుడు. ఇబ్బందిగా నవ్వి ఒక కుకీ చెప్పేస్తాం. ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

నాకు మాత్రం అది బాలిలో పెరిగి పెద్దదైంది.

చాంగు అనే ఊరు బాలి దక్షిణ తీరంలో, బాదుంగ్ జిల్లాలో ఉంది. నల్ల ఇసక. బతు బొలొంగ్ దగ్గర అల తీరిగ్గా విరుగుతుంది కాబట్టి సర్ఫింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళంతా అక్కడే పడుతూ లేస్తూ ఉంటారు. ఒడ్డు దాటగానే వరిమళ్ళు, మళ్ళ మధ్య విల్లాలు, విల్లాల మధ్య కెఫేలు. అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు. హైదరాబాదులో పదిన్నర స్టాండప్ అంటే అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. పొద్దున్నే సముద్రంలో దిగి, తిండి తిని, ఉప్పు జుట్టుతో కాల్‌లో కూచోవచ్చు. రిమోట్ ఉద్యోగానికి ఇంతకన్నా అనువైన గడియారం ఉండదు. ఇంజనీరింగ్‌లో నాతో చదివిన స్నేహితుడొకడు అందుకే అక్కడ ఏడాదికి మకాం పెట్టాడు. 2025 మార్చిలో ఉగాదికి సెలవు పెట్టి వాడి దగ్గరికెళ్ళాను.

కెఫేని వెతకడం మావాడికి ఒక శాస్త్రం. డౌన్‌లోడ్ వేగం చూసి మురిసిపోయేవాళ్ళంటే వాడికి జాలి. వాడు చూసేది అప్‌లోడ్, ఆ తర్వాత జిట్టర్, అంటే ప్యాకెట్లు చేరే సమయంలో ఊగిసలాట. వీడియో కాల్ చెడేది దానివల్లే. కరెంటు పోతే జనరేటర్ అందుకునేలోగా రౌటర్ ఆరిపోతుందా, దానికో చిన్న యూపీఎస్ ఉందా? ప్లగ్గు ఏ గోడకుంది? మధ్యాహ్నం ఎండ ఏ కిటికీలోంచి పడుతుంది? మాంసం దుకాణంలో ముక్కని తిప్పి చూసినట్టు ఒక్కో కెఫేనీ తిప్పి చూసి, స్ప్రెడ్‌షీట్‌లో "నమ్మకం" అని ఒక కాలమ్ పెట్టి, పదికి మార్కులేశాడు.

ఆ కాలమ్ పేరే నన్ను పట్టుకుంది. తెలుగులో నెట్‌నీ నమ్మొచ్చు, మనిషినీ నమ్మొచ్చు, మాట ఒకటే. కెఫే మనకి నమ్మకంగా ఉండాలని అంత పట్టుదలగా అడుగుతున్నాం సరే, కెఫే మనల్ని ఏ విషయంలో నమ్మాలి?

ఇక్కడ మా వృత్తికి సంబంధించిన పాత కథ ఒకటి చెప్పాలి. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ లాబ్‌కీ బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య నెట్‌వర్క్ కుప్పకూలింది. రెంటి మధ్య దూరం 400 గజాలు. సెకనుకి 32 వేల బిట్లు పోవాల్సిన చోట 40 బిట్లు పోయాయి. వైర్లు బాగానే ఉన్నాయి. జవాబు ఆలస్యమైన ప్రతి యంత్రమూ, పంపింది పోయిందేమోనని మళ్ళీ మళ్ళీ పంపింది, ఆ తొందరకి దారి మొత్తం మూసుకుపోయింది. వాన్ జేకబ్సన్ 1988లో రాసిన పేపరు దీనికి మందు చెప్పింది: పంపేవాడు మెల్లగా మొదలుపెట్టాలి, రద్దీ అనిపిస్తే తనే తగ్గాలి. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేదేంటంటే, మధ్యలో పోలీసెవడూ లేడు. తగ్గమని ఎవడూ బలవంతం చెయ్యడు, ఒకేసారి పదహారు కనెక్షన్లు తెరిచి ఎక్కువ వాటా లాక్కోవాలంటే సులువుగా లాక్కోవచ్చు. ఎక్కువమంది యంత్రాలు మర్యాదగా ఉండటంవల్ల ఇది నడుస్తోంది. మనం "నమ్మకమైన నెట్" అంటున్నదాంట్లో సగం పక్కవాడి నిగ్రహం. కెఫేలో ఒకడు డ్రోన్ వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెడితే, రౌటర్ క్యూ నిండిపోయి పక్క టేబుళ్ళ మీద కాల్స్ అన్నీ నత్తి కొడతాయి. ఎక్కించేవాడికి ఆ సంగతే తెలీదు.

కుర్చీ సంగతీ ఇంతే. మన ఇరానీ హోటళ్ళలోనూ జనం గంటలు గంటలు కూచుంటారు, వన్ బై టూ చాయ్ మీద. కానీ అక్కడ బల్ల ఎవడిదీ కాదు. ముక్కూమొహం తెలీనివాడు ఎదురుగా వచ్చి కూచుంటాడు, మీ పేపర్లో ఒక షీటు అడుగుతాడు. లాప్‌టాప్, హెడ్‌ఫోన్స్, ఛార్జర్ వైరు పరచగానే అదే బల్ల కంచె వేసిన స్థలమైపోతుంది. నలుగురు పట్టే చోట ఒకడు. చాంగులో నేను చూసిన కెఫేల్లో కొన్ని దీనికి విరుగుడు కనిపెట్టాయి: వైఫై పాస్‌వర్డ్ బిల్లుతో పాటు వస్తుంది, రెండు గంటలకి ఆరిపోతుంది. ఒకచోట వారాంతంలో లాప్‌టాప్‌లు వద్దని బోర్డు. మావాడికి ఇవి అవమానంగా అనిపిస్తాయి. నాకైతే ఇవే నిజాయితీగా అనిపించాయి. అతిథి మర్యాద పేరుతో లోపల తిట్టుకునేకన్నా రేటు చెప్పేయడం మేలు.

అయితే రేటు కట్టేస్తే తీరిపోయే బాకీయేనా ఇది?

మావాడి వాదన గట్టిది, దాన్ని తక్కువ చెయ్యను. "నేను గంటకో కాఫీ తాగుతాను, టిప్ ఇస్తాను. నేను రాకపోతే ఆ పిల్లకి ఈ ఉద్యోగమే ఉండేది కాదు కదరా. నీతులు చెప్పేముందు ఆమెనడుగు." అడగలేదు, అలా అడగడం బాగోదు. లెక్కలు మాత్రం చూశాను. ఇండోనేషియా ఇచ్చే రిమోట్ వర్కర్ వీసాకి ఏడాదికి 60,000 డాలర్ల సంపాదన చూపించాలి. 2025లో బాదుంగ్ జిల్లాలో కనీస వేతనం నెలకి 35 లక్షల రుపియా చిల్లర, మన డబ్బుల్లో 18 వేల పైచిలుకు. ఆ వీసాకి కావలసిన కనీస సంపాదన, అక్కడి కనీస వేతనానికి దాదాపు 23 రెట్లు. మేం తాగిన కాఫీ 40 వేల రుపియా. అంటే మూడున్నర కాఫీలు ఒకరి రోజు కూలీ. ఆ పిల్లకి మావాడివల్ల జీతం వస్తోందన్నది నిజమే. పక్క సందులో వారుంగ్, అంటే నాసి చంపూర్ పెట్టే చిన్న హోటల్, మావాడిలాంటి వాళ్ళు పెంచిన అద్దె కట్టాల్సి రావడమూ అంతే నిజం. మొదటిది కంటికి కనిపిస్తుంది. రెండోది ఏ బిల్లులోనూ ఉండదు.

బిల్లులో లేనిదాన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఆ మళ్ళే పనికొచ్చాయి. బాలిలో వరికి నీళ్ళు పంచే సంఘాన్ని సుబక్ అంటారు. వందల ఏళ్ళ వ్యవస్థ, 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది (చాంగు మళ్ళు అందులో లేవు). మన చెరువుల కింద నీరటి, సీమలో నీరుగంటి చేసే పనిని అక్కడ నీటి గుళ్ళ చుట్టూ చేరిన రైతులే కలిసి చేస్తారు: ఏ మడికి ఎప్పుడు నీరు, ఎప్పుడు బీడు. స్టీఫెన్ లాన్సింగ్ అనే మానవశాస్త్రవేత్త 1991లో దీనిమీద ఒక పుస్తకం రాశాడు. పేరు "ప్రీస్ట్స్ అండ్ ప్రోగ్రామర్స్". ఆ పేరు చూసే కొన్నానని ఒప్పుకోవాలి. హరిత విప్లవం రోజుల్లో, 1970లలో, గుడి పంచాంగం పక్కనపెట్టి ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు నాటమని రైతులకి చెప్పారు. నీళ్ళు చాలలేదు, పురుగు విరుచుకుపడింది.

ఆ పుస్తకంలో నన్ను వదలని ప్రశ్న వేరే. కాలవ మొదట్లో ఉన్నవాడు నీళ్ళన్నీ తనే వాడుకోవచ్చు కదా, శివారు భూముల వాడికి ఎందుకు వదలాలి? గోదావరి డెల్టాలోనో సాగర్ కాలవ కిందో పొలం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకి ఈ తగువు తెలుసు. లాన్సింగ్ జవాబు పురుగు. కిందివాడికి నీళ్ళు అందక ఆలస్యంగా నాటితే, అతని పైరు పచ్చగా ఉన్నన్నాళ్ళూ పురుగుకి తిండి దొరుకుతూనే ఉంటుంది, అక్కడ బతికి మళ్ళీ పైకి వస్తుంది. అందరూ ఒకేసారి కోసి ఒకేసారి బీడు పెడితేనే పురుగు చస్తుంది. కాబట్టి పైవాడి పంట బాగుండాలంటే కిందివాడికి సమయానికి నీళ్ళందాలి. త్యాగం అక్కర్లేదు, ఇద్దరూ ఒకే వాలులో ఇరుక్కుని ఉంటే చాలు.

మా స్నేహితుడికీ నాకూ ఆ పురుగు భయం లేదు. చిక్కంతా అక్కడే. జేకబ్సన్ యంత్రాలు కూడా ఒకే తీగకి కట్టుబడి ఉన్నాయి, రద్దీ చేసినవాడే ఆ రద్దీలో చిక్కుకుంటాడు. కెఫేలో కూచున్న రిమోట్ ఉద్యోగి ఏ తీగకీ కట్టుబడిలేడు. ఊరి అద్దెలు పెరిగితే, సన్నదారి షార్ట్‌కట్ మీద కార్లు బురదమళ్ళలోకి జారుతుంటే, పైన ఒక మడి విల్లా అయ్యి కింది మడికి కాలవ తెగితే, అతనికి మిగిలేది ఒక మాట: "ఊరు పాడైపోయిందిరా, ఇంకో చోటు చూడాలి." ఎంత మంచివాడైనా సరే, తను చేసినదాని ఫలితం తన దగ్గరికి తిరిగి రాకముందే వెళ్ళిపోగలడు. స్వార్థం కోసమైనా సరే పక్కవాణ్ణి చూసుకోవాలి అనే నీతి, వెళ్ళిపోగలిగినవాడి దగ్గర పనిచెయ్యదు. అతనికి వేరే కారణం కావాలి. అది సంస్కారమా, చట్టమా, పన్నా? నేను పన్ను వైపే మొగ్గుతాను. 2024 ఫిబ్రవరి నుంచి బాలి ప్రతి విదేశీ టూరిస్టు దగ్గరా లక్షా యాభై వేల రుపియా తీసుకుంటోంది. అంటే నాలుగు కాఫీలకి కాస్త తక్కువ. దాన్ని చూసి మావాడూ నేనూ ఇద్దరం నవ్వాం, వాడు ఎక్కువని, నేను తక్కువని.

మేం ఉన్నప్పుడే న్యెపి వచ్చింది. బాలివాళ్ళ శక సంవత్సరాది. ఆ ఏడు మార్చి 29, శనివారం. మర్నాడే మన ఉగాది. ఇద్దరికీ శక సంవత్సరం 1947, కాకపోతే మనం పచ్చడి చేసుకుంటాం, వాళ్ళు ఊరంతా ఆపేస్తారు. నిప్పు, పని, ప్రయాణం, వినోదం నాలుగూ నిషేధం. 24 గంటలు విమానాశ్రయం మూసేస్తారు. 2018 నుంచి మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపేస్తున్నారు. వీధుల్లో పెచలాంగ్ అనే ఊరి కాపలావాళ్ళు తప్ప ఎవరూ ఉండకూడదు, ఏ మతంవాడైనా, ఎన్ని డాలర్లవాడైనా. మావాడికి ఆ వారాంతం ఆన్‌కాల్. హైదరాబాదులో ఒక సహోద్యోగితో బేరం కుదుర్చుకున్నాడు: శనివారం ఆయన చూసుకుంటే, ఆదివారం ఆయన ఉగాది వీడు చూసుకుంటాడు. ఊరు ఒక రోజు నెట్ ఆపేస్తుందంటే మేనేజరు మొదట నమ్మలేదట, లింకు పంపమన్నాడు.

రోజంతా కర్టెన్లు వేసుకుని ఇంట్లోనే ఉన్నాం. సాయంత్రం చీకటి పడ్డాక గేటు బయటినించి ఎవరో మెల్లగా గ్రిల్లు మీద తట్టారు. వంటగదిలో ఫ్రిజ్ తలుపు సరిగా పడక లోపలి లైటు సందులోంచి కనబడుతోందట. మావాడు గబగబా వెళ్ళి తలుపు నొక్కి వచ్చాడు. ఆ ఏడాదంతా వాణ్ణి ఆ ఊళ్ళో ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారని అన్నాడు. అంతసేపు ఆ చీకట్లో కూచుని దానిగురించే మాట్లాడుకున్నాం. తగ్గించమని అడిగే హక్కు ఎవరికుంది, అడిగితే వినాల్సిన అవసరం మనకి ఎందుకుంది, అని. వాడు ఒప్పుకోలేదు, నేనూ వదల్లేదు.

ఇప్పుడు వాడి వీసా గడువు దగ్గరపడింది. శ్రీలంకలో వెలిగామ బాగుంటుందని ఎవరో చెప్పారట. అక్కడి కెఫేల అప్‌లోడ్ వేగాలతో కొత్త షీటు మొదలుపెట్టి నాకూ షేర్ చేశాడు. "నమ్మకం" కాలమ్ పక్కన ఇంకో ఖాళీ కాలమ్ వదిలాడు, దానికింకా పేరు పెట్టలేదు.