అతివాదం – సమ్మతి

అతివాదమనగా అధికంగా కోరుట అని లోకం సాధారణంగా అర్థం చెప్పుకొనుచున్నది. ఈ అర్థం సరియైనది కాదు. మధువరసుని కుమార్తెకు హరళయ్య కుమారునితో వివాహం జరుగవచ్చునని పన్నెండవ శతాబ్దిలో కల్యాణ నగరాన అంగీకరించిన శరణులు కోరినది తక్కువ కాదు. ఒకరు బ్రాహ్మణ కులంలో జన్మించినవారు, మరొకరు చెప్పులు కుట్టి జీవించువారు. ఆనాటి సంఘం ఊహకైనను అందని సంబంధమది. కోరిక పరిమాణాన్ని బట్టియే అతివాదం నిర్ణయమగునట్లైతే బసవేశ్వరుని మించిన అతివాది లేడనవలసి వచ్చును. కావున దానిని వేరొక చోట వెదకవలెను. కోరిక ఎంత పెద్దదన్నది ప్రశ్న కాదు. ఎవరి కొరకు ఆ కోరిక వినిపించబడుచున్నదో వారి సమ్మతి కోరువారికి అవసరమా, అనవసరమా అన్నదే అసలు ప్రశ్న.

ఈ విషయాన్ని గ్రంథాలలో కంటె ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున పరిశీలించుట మేలు. ఇల్లందు, గుండాల, పాల్వంచ ప్రాంతాల నుండి గోదావరి దాటి చర్ల, వెంకటాపురం మీదుగా బస్తరు వరకు వ్యాపించిన ఈ అరణ్యం కోయలకు, కొండరెడ్లకు నివాసభూమి. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్లు నుండి వేరుపడినది; గోదావరి ఆవలి భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో తూర్పు గోదావరి జిల్లా నుండి వచ్చి చేరినవి. సుమారు ఇరువది ఏండ్ల వ్యవధిలో రాష్ట్ర కమ్యూనిస్టు ఉద్యమం రెండు పర్యాయాలు తుపాకితో ఈ అడవిలోనికి వచ్చినది. రెండు పర్యాయాలును దాని చేతిలో న్యాయమైన కారణమే ఉన్నది. ఆ న్యాయాన్ని ముందుగా ఒప్పుకొననివాడు దాని పతనాన్ని గురించి మాట్లాడుటకు అర్హుడు కాడు.

పోడు కొట్టుకొని జొన్న విత్తుకొను కోయవాడు అటవీశాఖ లెక్కలో నేరస్థుడు. నాగలి కొయ్యకు, ఇంటి వాసానికి, పశువుల మేతకు కూడ గార్డుకు మామూలు చెల్లించవలెను. పటేలు, పట్వారీలకు వెట్టి చేయవలెను. మైదానం నుండి వచ్చిన షావుకారు ఉప్పు, గుడ్డ అప్పుగా ఇచ్చి ముందు పంటను, పిమ్మట భూమిని తీసికొనును. ఎండలో తునికాకు కోసి కట్టలు కట్టి కల్లానికి మోసికొనిపోతే ఎన్ని కట్టలకు డబ్బు వచ్చునన్నది కాంట్రాక్టరు గుమాస్తా దయ. కాయకాన్ని పూజగా భావించు వీరశైవ కుటుంబాలకు, ఒకని కాయక ఫలాన్ని మరొకడు హరించుట ఎటువంటి పాపమో వేరుగా చెప్పనక్కరలేదు. ఈ పాపాన్ని ప్రశ్నించుటకు అడవికి వచ్చినవారు కమ్యూనిస్టులు. చాలకాలం వరకు మరెవ్వరును రాలేదు. మఠాలును రాలేదు.

మొదటి పర్యాయం సంగతి చూడవలెను. 1946లో కడవెండి గ్రామంలో దొడ్డి కొమరయ్య మరణంతో రగిలిన తెలంగాణ పోరాటం నిజాం రాజ్యానికి, రజాకార్లకు ఎదురు నిలిచినది. అప్పుడు పార్టీ వెనుక గ్రామాలు ఉన్నవి. మూడు వేల గ్రామాలలో పది లక్షల ఎకరాలు పంచితిమని పార్టీ లెక్క చెప్పుకొన్నది. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయినాడు. ఇక పోరాటం కొనసాగవలెనా, ఆగవలెనా? ఈ ప్రశ్న వచ్చిన క్షణంలోనే పార్టీ దారి మారినది. నిజాం పోయిన తరువాత సామాన్య రైతు తుపాకి పట్టడని, పోరాటాన్ని విరమించవలెనని రావి నారాయణరెడ్డి వంటివారు వాదించినారు. వారి మాట చెల్లలేదు. ఆ సంవత్సరమే కలకత్తా మహాసభలో గెలిచిన తీవ్ర పంథా పార్టీని నడుపుచుండెను. దళాలు మైదానం విడిచి గోదావరి అడవులలోనికి తరలినవి.

దళాలు అడవిలోనికి వచ్చుటతో సైన్యమును వచ్చినది. కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాలలోనికి తరలించినారు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తమ గ్రంథంలో ఆ పోరాటంలో నాలుగు వేల మంది వరకు కమ్యూనిస్టులు, రైతు యోధులు మరణించినారని, పది వేల మందికి పైగా నిర్బంధానికి గురియైనారని వ్రాసినారు. మూడేండ్ల పిమ్మట, 1951 అక్టోబరు 21న, పోరాటం విరమించబడినది. విరమణకు ముందు ఆ సంవత్సరారంభంలో నలుగురు నాయకులు మాస్కో వెళ్ళి స్టాలిన్‌తో చర్చించినారు. ఈ ఒక్క వాస్తవం ఎన్నో ఉపన్యాసాలకు సమానం. గుండాల అడవిలోని కోయవాని ప్రాణం విషయమై మాస్కోలో సలహా అడిగినారు, గుండాలలో అడుగలేదు. పోరాటం ప్రారంభించునపుడు గ్రామాల అంగీకారం ఉన్నది. కొనసాగించునపుడు అది అక్కరకు రాలేదు. ముగించునపుడును అక్కరకు రాలేదు. మరుసటి ఏడు ఎన్నికలలో అదే రావి నారాయణరెడ్డిని నల్లగొండ ప్రజలు నెహ్రూ కంటె అధికమైన ఓట్లతో లోక్‌సభకు పంపినారు. అడిగినచో ప్రజలేమి చెప్పెడివారో అప్పుడు తెలిసినది.

రెండవ పర్యాయానికి కారణం వేరు. 1962 అసెంబ్లీ ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్‌లో కమ్యూనిస్టు పార్టీకి 51 స్థానాలు లభించినవి. 1964లో పార్టీ చీలినది. 1967లో రెండు పార్టీలకును కలిపి ఇరువదికి మించలేదు. ఓటమి మనుషులను రెండు విధాల మార్చును. కొందరు జనం వద్దకు మరల పోయి ఏల విడిచితిరని అడుగుదురు. మరికొందరు జనం తీర్పుకు విలువ లేదని, ఎన్నికలే మాయ అని నిశ్చయించుకొందురు. రెండవ దారిలో ఊరట ఉన్నది. అందులో తప్పు ఎల్లప్పుడు ఎదుటివారిదే. ఆ ఏటనే నక్సల్బరీ జరిగినది, పెకింగు దానిని మెచ్చుకొన్నది. 1968 జనవరిలో పాలకొల్లులో సమావేశమైన మార్క్సిస్టు పార్టీ రాష్ట్ర ప్లీనం కేంద్ర నాయకత్వపు సిద్ధాంత పత్రాన్ని తిరస్కరించినది. ఏప్రిల్‌లో బర్ద్వాన్ ప్లీనంతో తెగతెంపులు పూర్తియైనవి. తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, కొల్ల వెంకయ్య వేరుపడగా రాష్ట్ర పార్టీలో అధిక భాగం వారి వెంట నడచినది.

వీరిని స్వార్థపరులనుట అన్యాయం. నాగిరెడ్డి 1969 మార్చిలో శాసనసభా సభ్యత్వాన్ని తృణప్రాయంగా విడిచినవారు. అంతమాత్రమే కాదు, ప్రజల సంసిద్ధత లేకుండ వ్యక్తుల వధతో విప్లవం రాదని చారు మజుందార్ పంథాను ఎదిరించినవారును ఆయనే. అందుకు ఫలితంగా ఆయన కమిటీని అఖిల భారత విప్లవకారుల సమితి నుండి తొలగించినారు. గోదావరి లోయలో చండ్ర పుల్లారెడ్డి దళాలు ఆయుధం పట్టినవి. సాయుధ ప్రతిఘటన ఎప్పుడు, ఎట్లు అన్న విషయమై 1971 నాటికి ఆ కమిటీయు చీలినది. ఒక మెట్టుపై విప్లవకారుడైనవాడు తరువాతి మెట్టుపై మితవాది అగును; అంతకు తరువాతి మెట్టుపై ద్రోహి అగును. 1948లో రావి నారాయణరెడ్డికి పట్టిన గతియే ఇరువది ఏండ్లకు నాగిరెడ్డికి పట్టినది. ఆగుమని చెప్పువానికి స్థానం లేని సంస్థ తనంత తాను ఆగజాలదు. ఏలయన, ఆగుటకు కావలసిన మాట బయటి నుండి, అనగా సామాన్యుని నుండి, రావలెను. ఆ ద్వారం అప్పటికే మూయబడి ఉన్నది.

1980లో పీపుల్స్ వార్ ఏర్పడిన తరువాత ఈ అడవిలో జరిగినది ఇంకను చేదైనది. తునికాకు కట్టకు ధర పెరిగినది, గార్డుల మామూళ్ళు తగ్గినవి. ఇది నిజం. అడవిలో కోయవాడు తలయెత్తి నడచుట మొదలైనదన్నదియు నిజం. కాని అదే అడవిలో ఇన్‌ఫార్మరన్న పేరిట కోయవానినే చంపుట కూడ మొదలైనది. ప్రజాకోర్టు అన్నారు. అందులో ఫిర్యాది పార్టీ, సాక్షి పార్టీ, న్యాయాధిపతి పార్టీ, తలారియు పార్టీయే. చుట్టును కూర్చున్న ఊరివారు తుపాకి ముందు తల ఊపుటను సమ్మతి అనవచ్చునా? భూస్వామి ఎదుట చేతులు కట్టుకొని నిలిచినవాడును తల ఊపినాడు కదా! ఆ ఊపును సమ్మతి కాదని చెప్పుటకే గదా పార్టీ పుట్టినది.

వామపక్ష అభిమానులలోనే కొందరు ఈ మాటను ధైర్యంగా పలికినారు. పౌరహక్కుల కొరకు జీవితాన్ని వెచ్చించిన బాలగోపాల్ రాజ్యహింసతో పాటు విప్లవకారుల హింసను కూడ ప్రశ్నించి, పాత సంఘాన్ని విడిచి 1998లో మానవ హక్కుల వేదికను నెలకొల్పినారు. గిరిజనుల ఆప్తుడుగా పేరొందిన ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్‌ను 1987 డిసెంబరులో గుర్తేడు వద్ద ఇతర అధికారులతో కూడ నక్సలైట్లు అపహరించినారు. విడుదలైన తరువాత ఆయన పగ పట్టలేదు. ఇరుపక్షాలను మాటలకు కూర్చుండబెట్టుటకే సంవత్సరాల తరబడి శ్రమించినారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగినవి. 2005 ఆరంభానికే విఫలమైనవి.

ప్రభుత్వం చేతులు శుభ్రంగా ఉన్నవని ఎవ్వరును అనలేరు. ఖమ్మం జిల్లాకే చెందిన జలగం వెంగళరావు హోంమంత్రిగాను, ముఖ్యమంత్రిగాను ఉన్న కాలంలో ఎదురుకాల్పులన్న మాట తెలుగులో క్రొత్త అర్థం పొందినది. 1977లో తార్కుండే కమిటీ వాటిలో కొన్ని కల్పితాలని చెప్పినది. విచారణకు నియమించిన భార్గవ కమిషన్ పని ముగియకుండనే ఆగినది. నేరారోపణ చేయువాడు, తీర్పు చెప్పువాడు, శిక్షించువాడు ఒక్కడే అగుట ఇక్కడను కనిపించును. కాని ఒక పాపం మరొక పాపానికి ప్రాయశ్చిత్తం కాదు. పేదవాని పేరు చెప్పుకొనని ప్రభుత్వం కంటె, పేదవాని పేరిటనే తుపాకి పట్టిన పార్టీకి పేదవానికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఎక్కువ.

పోరాటం వలననే గదా 1970లో 1/70 చట్టం వచ్చినదని వాదించువారున్నారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించిన ఆ నిబంధన వెనుక శ్రీకాకుళం, గోదావరి లోయల ఒత్తిడి ఉన్నదని అంగీకరించవలసినదే. ఐతే చట్టం కాగితంపై ఉండగా భూమి షావుకారు చేతిలోనే ఉండుటకు కారణమేమి? చట్టాన్ని నడిపించుకొనుటకు కచేరి మెట్లెక్కి నిలువగల గ్రామం కావలెను. ఒకవైపు దళానికి, మరొకవైపు పోలీసుకు భయపడు గ్రామం ఎవరి ఎదుట నిలుచును?

వీరశైవులు ఈ ప్రశ్నను ఇతరుల ఇంటి సంగతిగా చూచి ఊరకొనుటకు వీలు లేదు. హరళయ్య, మధువరసులు రాజదండనకు గురియైన తరువాత బసవేశ్వరుడు కల్యాణాన్ని విడిచి కూడలసంగమానికి పోయినాడని, జగదేవుడు మొదలగువారు బిజ్జలుని వధించినారని సంప్రదాయం చెప్పుచున్నది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఆ వధను భక్తి వీరంగానే వర్ణించినాడు. దానిని తప్పుగా చూపలేదు. పురాణ ప్రవచనాలలో ఈ ఘట్టాన్ని త్వరత్వరగా దాటుట కద్దు, దాటరాదు. రాజు చేసినది ఘోరం. ప్రతీకారం చేసినవారి గుండెలో నిప్పు నిజమైనది. కాని ఆ కత్తివ్రేటుతో కల్యాణం చెల్లాచెదరైనది. చెన్నబసవని వెంట శరణులు ఉళవికి తరలిపోవలసి వచ్చినది. అన్ని కులాల స్త్రీపురుషులు కూర్చుండి వాదించుకొన్న అనుభవ మంటపం మరల కూడలేదు. కత్తి పట్టినవారు ఇద్దరో ముగ్గురో. మూల్యం చెల్లించినది నగరమంతయు.

కమ్యూనిస్టులలో ఒక శాఖ ఈ సత్యాన్ని గ్రహించినదనుటకు ఇల్లందు సాక్ష్యం. ఎన్నికలు మాయ అని వెడలిన చండ్ర పుల్లారెడ్డి పంథా వారే కాలక్రమాన ఎన్నికలలోనికి వచ్చినారు. వారి పక్షాన గిరిజనుడైన గుమ్మడి నర్సయ్య 1983లో మొదటిసారి ఇల్లందు నుండి శాసనసభకు ఎన్నికై, మొత్తం ఐదు పర్యాయాలు గెలిచినారు. 1994లో ఓడినారు, 1999లో మరల గెలిచినారు, 2009లో మరల ఓడినారు. ఓడించుటకు ప్రజలకు అవకాశమున్న చోటనే గెలుపునకు అర్థముండును. తుపాకి నాయకులను ఎవ్వరును ఓట్లతో దింపలేదు, తూటాయే దింపినది. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ళ కేశవరావు 2025 మే 21న అబూజ్‌మాడ్ అడవిలో మరణించినాడు. అజ్ఞాతంలో ఆయన ధరించిన పేరు బసవరాజు. ఆ పేరు ఏల ఎంచుకొన్నాడో గాని, చదివిన వీరశైవునికి మనస్సు చివుక్కుమనక మానదు.

నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అడవులలో గుత్తికోయల గుడిసెలు కనిపించును. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైనపుడు దళానికి, జుడుంకు నడుమ నలిగి ప్రాణాలరచేత పట్టుకొని ఈ వైపునకు వచ్చినవారు వీరు. జుడుంకు ఆయుధాలిచ్చుట రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అప్పటికి వారి ఊళ్ళు వెనుక ఉండిపోయినవి. ఇక్కడ పోడు కొట్టిన భూమి వారిదని అటవీశాఖ అంగీకరించదు. అక్కడి యుద్ధాన్ని ప్రారంభించునపుడు గాని, తరువాత దానిని పెంచునపుడు గాని, ఏ పక్షమును వారి గూడెంలో సభ జరిపి మీకేమి కావలెనని అడిగి ఉండలేదు.