దత్తపుత్రునికి ముద్ర

ఎఫెసీయులకు 1:5, 13



అమెరికాలోని అనేక కుటుంబములవారు కొరియా, ఇండియా మొదలగు దేశముల బిడ్డలను దత్తు చేసికొనిరి. ఇల్లు నిచ్చిరి, పేరు నిచ్చిరి, ప్రేమించిరి. గాని వారిలో కొందరు పౌరసత్వపు కాగితములు పూర్తిచేయక విడిచిరి. 2001 ఫిబ్రవరి 27న అమలులోనికి వచ్చిన చట్టము, ఆనాటికి 18 ఏండ్లు నిండని దత్తబిడ్డలకు, నియమములు నెరవేరినయెడల, దరఖాస్తు లేకయే పౌరసత్వము నిచ్చెను. అప్పటికే 18 నిండినవారికి ఆ మేలు దక్కలేదు. వారు ఎన్-400 అను ఫారము నింపి తామే అడుగవలెను. పౌరసత్వము లేనివారిలో కొందరు నేరములో చిక్కి శిక్షపడినప్పుడు, భాష కూడ తెలియని జన్మదేశమునకు పంపివేయబడిరి.

బిడ్డ చేసిన పాపమునకు బిడ్డయే ఉత్తరవాది. గాని కాగితము లేకపోవుట ఎవరి లోపము?

దేవుడు మనలను దత్తు చేసికొని ఊరకుండలేదు. పరిశుద్ధాత్మతో ముద్ర వేసెను. ప్రేమించువాడు పనిని సగములో విడువడు. కాబట్టి పరుల బిడ్డను పెంచుచున్న తలిదండ్రులారా, దత్తత పత్రమును, జనన పత్రమును నేడే సరిచేయుడి.

ఫారము నింపుచున్న దత్తపుత్రుడా, "నేను పరాయివాడనా?" అని కుంగకుము. కొరడాల యెదుట పౌలు తన రోమా పౌరత్వమును చెప్పుకొనుటకు సిగ్గుపడలేదు. కాగితము నిన్ను బిడ్డగా చేయదు. బిడ్డవైన నీకు రావలసినదానిని కాపాడును. ధైర్యముగా అడుగుము.