రేవులో చదివే పేర్లు

1955లో రాజమండ్రి దగ్గరి పల్లెలో పుట్టిన మనిషిని ఒకరిని ఊహించుకుందాం. 1967 గోదావరి పుష్కరాలకు అతను పన్నెండేళ్ల కుర్రాడు, తాతగారి వెనకాలే రేవులోకి దిగాడు. 1979 నాటికి కొత్తగా పెళ్లయింది. 1991లో తన పిల్లల చేతులు తానే గట్టిగా పట్టుకుని ముంచి లేపాడు. 2003కి కూతురి పెళ్లి బెంగ. 2015కి అరవై నిండాయి. పుట్టింది మన్మథ నామ సంవత్సరంలో, అరవయ్యో ఏట వచ్చిన పుష్కరాలూ మన్మథలోనే. 2027 నాటికి డెబ్బై రెండు.

బృహస్పతి సింహరాశిలో ప్రవేశిస్తే గోదావరికి, కన్యలో ప్రవేశిస్తే కృష్ణకు పుష్కరాలు. ఆ గ్రహం సూర్యుణ్ని ఒకసారి చుట్టి రావడానికి పన్నెండేళ్లకు కాస్త తక్కువ పడుతుంది. ఒక ఇల్లు తన మార్పును తాను చూసుకోవడానికి ఇది సరిగ్గా సరిపోయే వ్యవధి. పండుగ ఏటా వస్తుంది కాబట్టి, నిరుటికీ ఇప్పటికీ తేడా పెద్దగా కనిపించదు. పన్నెండేళ్లలో అలా కాదు. పోయినసారి ఉయ్యాల్లో ఉన్న పిల్ల ఈసారి తమ్ముణ్ని కనిపెట్టుకుని ఉంటుంది. పోయినసారి మెట్ల మీద కూర్చుని అందరి బట్టలకూ కాపలా కాసిన నాయనమ్మ పేరు ఈసారి పురోహితుడి నోట వినిపిస్తుంది.

ఆ పేర్లు చదవడం దగ్గరే అసలు విషయం ఉంది. పిండప్రదానంలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా చెప్పాలి. తండ్రి వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. తల్లి వైపు వాళ్లనూ తలుస్తారు. ఇంట్లో తండ్రి కాలం చేస్తే ఆయన పేరు ఈ వరసలో చేరుతుంది, అప్పటిదాకా చివర ఉన్న పెద్దాయన పేరు వరసలోంచి తప్పుకుంటుంది. కుటుంబం ఎంతవరకు గుర్తుంచుకోవాలో, ఎక్కడ వదిలిపెట్టవచ్చో ఇంత మర్యాదగా ఏర్పాటు చేసుకున్న పద్ధతి అరుదు. మూడు తరాల వెనక మనిషిని మరిచిపోయామే అన్న దిగులు కూడా అక్కర్లేకుండా చేశారు.

అక్కడితో ఆగలేదు. కారుణ్య పిండాలని మరికొన్ని ఉంటాయి. పినతండ్రులు, మేనత్తలు, అత్తమామలు, గురువు, స్నేహితుడు, అందరికీ అందులో చోటుంది. పిల్లలు లేకుండా పోయిన పెద్దమ్మను ఏడాది పొడుగునా ఎవరూ తలుచుకోకపోవచ్చు, రేవులో మాత్రం ఆమె పేరు పైకి చెబుతారు. రక్తసంబంధం గీసిన గీతను దాటి ఇల్లు ఎంత పెద్దదో చెప్పే ఘట్టం ఇదే.

అయితే పురోహితుడు “ముత్తవ్వగారి పేరు?” అని అడిగినప్పుడు చాలామంది తడుముకుంటారు. ముత్తాత పేరు పొలం కాగితాల్లోనైనా దొరుకుతుంది. ఆమెను మాత్రం ఇంట్లో కోడలనో, అమ్మమ్మనో, ఫలానా ఊరావిడనో పిలిచారు. సొంత పేరు పెళ్లి శుభలేఖ దగ్గరే ఆగిపోయింది. ఆ పేరు తెలిసిన వాళ్లు ఇంట్లో ఒకరిద్దరే ఉంటారు, వాళ్లకు ఎనభై దాటి ఉంటుంది. అడగడానికి పుష్కరాల దాకా ఆగడం అన్యాయం.

నది ఒడ్డూ మారింది. 1967లో కొవ్వూరు వైపు నుంచి రైల్లో వచ్చినవాళ్లు 1900 నాటి హేవలాక్ వంతెన మీద గోదావరి దాటారు. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చింది. 1997లో హేవలాక్ వంతెన విశ్రాంతి తీసుకుంది, 2003 నాటికి రైళ్లు ఆర్చి వంతెన మీద నడుస్తున్నాయి. ఆ ఏడు ఒకే రాష్ట్రంలో స్నానం చేసిన చుట్టాలు 2015లో రెండు రాష్ట్రాల రేవుల్లో మునిగారు, కొందరు ధర్మపురిలో, కాళేశ్వరంలో, భద్రాచలంలో, కొందరు రాజమండ్రిలో.

2015 జూలై 14న, మొదటి రోజే, రాజమండ్రి పుష్కరాల రేవులో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా చనిపోయారు. పెద్దల పేర్లు తలుచుకోవడానికి బయలుదేరినవాళ్లే పెద్దల వరసలో చేరిపోయారు. ఆ ఇళ్లకు 2027 రాక మిగతా అందరి ఇళ్లకు వచ్చినట్టు ఉండదు. రేవుల వెడల్పు, దారుల లెక్క చూసే అధికారులు ముందుగా ఆ కుటుంబాలను గుర్తు చేసుకోవాలి.

గోదావరి గట్టున ఇల్లున్నవాళ్లకు మాత్రం పుష్కరాలంటే మొదట చాపలు, గిన్నెలు గుర్తొస్తాయి. వరండాలో, డాబా మీద, వంటింటి గుమ్మం పక్కన కూడా చుట్టాలు పడుకుంటారు. ఎప్పుడో మాటలు మానేసిన అన్నదమ్ములు ఒకే పంక్తిలో కూర్చుని పప్పు వడ్డించుకుంటారు. రాజీ కుదిరిందని కాదు. తండ్రికి పిండం పెట్టేటప్పుడు ఇద్దరూ ఉండాలి కనుక.

వచ్చే పుష్కరాలు జూన్ నెలాఖరులో మొదలవుతాయి. అమెరికాలో బడులకు సెలవులు ఉండే రోజులవి కాబట్టి, అక్కడి మనవళ్లు ఈసారి రావచ్చు. 1967లో తాత వెనకాల నడిచిన కుర్రాడు ఇప్పుడు తానే తాత. తన ముగ్గురు పెద్దల పేర్లనూ, వాళ్ల భార్యల పేర్లనూ, వీలైతే ఆ భార్యల పుట్టింటి ఊళ్లనూ ఒక కాగితం మీద రాసి, పన్నెండేళ్ల మనవడి చేత చదివించడానికి ఇంకా వ్యవధి ఉంది.