హనుమంతుడికి స్కోర్ ఎంత?

ఈసారి కొంచెం వేరే టాపిక్. రామాయణ, భారతాల నుంచి కథ తీసుకుని వీడియో గేమ్ చేయొచ్చా? చేస్తే అది భక్తి అవుతుందా, అపచారం అవుతుందా?

నాకిది టైంపాస్ ప్రశ్న కాదు. మామూలు రోజుల్లో నేను బ్యాంకుల కోసం సాఫ్ట్‌వేర్ రాస్తాను. శని, ఆదివారాల్లో నేనూ నా ఫ్రెండూ కలిసి సుందరకాండ మీద ఒక చిన్న గేమ్ డిజైన్ చేస్తున్నాం. ప్రతి వారం ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో మా ముందుకొస్తూనే ఉంది.

ఇది కొత్త గొడవేం కాదు. 2009లో మన హైదరాబాద్‌లోనే అరోనా టెక్నాలజీస్ అనే సంస్థ ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' అనే గేమ్ చేసింది. పూర్తిగా ఇండియాలో తయారైన మొదటి కన్సోల్ గేమ్‌గా దాన్ని చెప్పుకుంటారు. అది వచ్చినప్పుడు అమెరికాలో ఉండే హిందూ నాయకుడు రాజన్ జెడ్ అభ్యంతరం చెప్పారు. ఆయన వాదన సారాంశం ఇది: భక్తుడు తన తలరాతను దేవుడి చేతిలో పెడతాడు, గేమ్‌లో మాత్రం దేవుడే ఆడేవాడి చేతిలోకి వెళ్ళిపోతాడు.

తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదిది. కానీ మన తోలుబొమ్మలాట గుర్తు తెచ్చుకోండి. నిమ్మలకుంట కళాకారులు ఆడించే హనుమంతుడు కూడా మనిషి చేతిలో ఉన్న పుల్లల వల్లే కదులుతాడు. వీధినాటకంలో మన ఊరి మనిషే ముఖానికి రంగు వేసుకుని రాముడవుతాడు, మనం దణ్ణం పెడతాం. అంటే మనిషి చెయ్యి పడినంత మాత్రాన అపచారం అయిపోదు.

అసలు చిక్కును మా అమ్మమ్మ పట్టుకుంది. ఆవిడ ఎన్నో ఏళ్ళుగా సుందరకాండ పారాయణం చేస్తోంది. గేమ్ గురించి నేను చెప్పిందంతా విని ఒకే ప్రశ్న అడిగింది. "ఆడేవాడు సరిగ్గా నొక్కకపోతే స్వామి సముద్రంలో పడిపోతాడా నాయనా?"

తోలుబొమ్మలాటలో పడడు. ఎందుకంటే ఆడించేవాడికి కథ తెలుసు. గేమ్‌లో పడతాడు. పదిసార్లు పడి, పదకొండోసారి దాటతాడు. నా చేతకానితనం హనుమంతుడి ఓటమిగా స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఇది చూస్తే భక్తులకు మనసు నొచ్చుకోవడం సహజం.

దీనికి గేమ్‌ల ప్రపంచంలోనే రెండు దారులు కనిపించాయి. ఒకటి 2003లో వచ్చిన 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది శాండ్స్ ఆఫ్ టైమ్'. అందులో రాజకుమారుడే తన కథ చెబుతుంటాడు. మనం ఆడుతూ చనిపోతే, కథ అలా జరగలేదంటూ తనే సర్దుకుని మళ్ళీ మొదలుపెడతాడు. హరికథ చెప్పే దాసుగారు తడబడి, "కాదు కాదు" అని సరిదిద్దుకున్నట్టు అన్నమాట. అప్పుడు తప్పింది చెప్పేవాడి నోరు, హనుమంతుడు కాదు. రెండోది పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్ళు 2020లో తెచ్చిన 'రాజీ: యాన్ ఏన్షియెంట్ ఎపిక్'. అందులో మనం ఆడేది తమ్ముణ్ణి వెతుక్కునే ఒక మామూలు అమ్మాయిగా. దుర్గమ్మ, విష్ణుమూర్తి పైనుంచి చూస్తూ కథ చెబుతారు. అక్కడ పడినా లేచినా మనిషే.

కాబట్టి మర్యాద సమస్యకు పరిష్కారం ఉంది. కానీ దానికంటే లోతైన సమస్య ఇంకొకటుంది. అది స్కోర్.

ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మాకు అర్థమయ్యే సంగతి ఒకటుంది. దేన్ని లెక్కపెడితే మనుషులు దాన్నే పెంచుతారు. రోజుకు ఎన్ని టికెట్లు క్లోజ్ చేశారని లెక్కపెడితే టికెట్లు క్లోజ్ అవుతాయి, సమస్యలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. గేమ్ కూడా అంతే. టైటిల్ స్క్రీన్ మీద ఓంకారం ఉండొచ్చు, వెనకాల వేదమంత్రం వినిపించొచ్చు. కానీ రాక్షసుణ్ణి కొడితే వంద పాయింట్లు, గుప్పెడు నాణేలు వస్తుంటే ఆడేవాడి మనసు ఆ నాణేల మీదే ఉంటుంది. స్కోర్ దేనికి వస్తుందో అదే ఆ ఆట బోధించే ధర్మం. మిగతాదంతా అలంకారం.

మన పెద్దవాళ్ళకు ఈ సంగతి తెలుసు. వైకుంఠపాళి చూడండి. మంచి గుణానికి నిచ్చెన, చెడ్డ గుణానికి పాము. పటమే పాఠం. కాకపోతే అక్కడ ఎక్కించేదీ దించేదీ పాచికలే, మన ఎంపిక కాదు. కంప్యూటర్ గేమ్‌లో ఎంపిక మనది. ఆ అవకాశాన్ని 1985లోనే వాడుకున్నవాడు రిచర్డ్ గారియట్ అనే అమెరికా డెవలపర్. ఆయన 'అల్టిమా 4: క్వెస్ట్ ఆఫ్ ది అవతార్'కు మన అవతార శబ్దాన్నే పేరుగా తీసుకున్నాడు. అందులో చివర్లో చంపాల్సిన విలన్ లేడు. సత్యం, దయ, త్యాగం, వినయం లాంటి ఎనిమిది గుణాల్లో ఎదగడమే లక్ష్యం. ఒకచోట కళ్ళు లేని దుకాణదారు ఉంటుంది. ఎంత డబ్బు ఇవ్వాలో మనమే లెక్కపెట్టి ఇవ్వాలి. తక్కువ ఇస్తే ఆవిడకు తెలియదు, కానీ ఆట మన నిజాయితీని తగ్గించేస్తుంది. దేవుడి బొమ్మ ఒక్కటీ లేకుండా ధర్మం చెప్పడమంటే ఇదీ!

ఇప్పుడు సుందరకాండకు వద్దాం. గేమ్ డిజైనర్ కళ్ళతో చూస్తే సముద్ర లంఘనంలో మూడు అడ్డంకులున్నాయి. మైనాకుడు, సురస, సింహిక. మామూలుగా అయితే మూడూ బాస్ ఫైట్‌లు అయిపోతాయి. కానీ వాల్మీకి రామాయణంలో హనుమంతుడు ముగ్గురికీ మూడు రకాలుగా జవాబిస్తాడు. విశ్రాంతి తీసుకోమన్న మైనాకుణ్ణి ఆప్యాయంగా చేత్తో తాకి, ఆగకుండా ముందుకెళ్తాడు. పరీక్షించడానికి వచ్చిన సురస నోట్లోకి బొటనవేలంత అయి దూరి, బయటికొచ్చి నమస్కరిస్తాడు. నీడ పట్టి లాగిన సింహికను మాత్రం చంపుతాడు. అడ్డొచ్చిన ప్రతివాడూ శత్రువు కాదు. సుఖం కూడా అడ్డంకే కావచ్చు. ఎవరి దగ్గర ఏది వాడాలో తెలుసుకోవడమే ఇక్కడ పరీక్ష. మూడింటికీ ఒకటే అటాక్ బటన్ పెడితే పేర్లు మిగులుతాయి, రామాయణం మిగలదు.

మా ఇద్దరికీ అసలు వాదన లంకాదహనం దగ్గర. నా ఫ్రెండ్ అంటాడు, "మంటల లెవెల్‌కి పాయింట్లు పెట్టకపోతే ఎవడూ ఆడడు రా." వాడి మాటలో నిజముంది. ఆట ఆటలా లేకపోతే ఎంత గొప్ప నీతి ఉన్నా ఫోన్‌లోంచి తీసేస్తారు. కానీ వాల్మీకి ఆ ఘట్టాన్ని విజయోత్సవంగా ముగించలేదు. లంక తగలబడ్డాక హనుమంతుడి గుండె ఝల్లుమంటుంది. ఈ మంటల్లో సీతమ్మ కూడా కాలిపోయి ఉంటే? కోపంలో ఎంత పని చేశానని తనను తాను నిందించుకుంటాడు. ఆమె క్షేమంగా ఉందని చారణుల మాటల వల్ల తెలిశాకే కుదుటపడతాడు.

అంత బలవంతుడు, అంత బుద్ధిమంతుడు, గెలిచిన క్షణంలోనే ఆగి తన కోపాన్ని ప్రశ్నించుకున్నాడు. ఇది చదివితే ఆయన భయం మనకు అర్థమవుతుంది. గేమ్‌లో అయితే నిప్పు పెట్టింది మన వేలే. మేడలు కాలుతున్న ఉత్సాహంలో ఉన్న ప్లేయర్‌కు హఠాత్తుగా సంగీతం ఆగిపోయి, అశోకవనం వైపు పొగ కనిపిస్తే? పాయింట్లు లేవు, టైమర్ లేదు, వెనక్కి పరిగెత్తడం ఒక్కటే పని. పుస్తకం, సినిమా చేయలేనిది గేమ్ చేయగలదంటే అది ఇక్కడే. నా ఫ్రెండ్ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "ఒకసారి చేసి చూద్దాం" అన్నాడు.

చివరిగా బహుమతి సంగతి. ప్రతి గేమ్‌లో పెద్ద లెవెల్ అయ్యాక పెద్ద బహుమతి రావాలి. నూరు యోజనాల సముద్రం దాటి, సీతమ్మ జాడ తెచ్చిన హనుమంతుడికి ఆ క్షణంలో రాముడు ఇచ్చిందేమిటి? రాజ్యం పోగొట్టుకుని అడవిలో ఉన్న మనిషి. ఇంతటి మేలుకు తగినది ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని బాధపడి, తనకున్న సర్వస్వం ఇదేనంటూ గట్టిగా కౌగిలించుకున్నాడు. అంతే.

మా గేమ్ చివర్లో కూడా అదే ఉండాలని నా పట్టుదల. నాణేలు లేవు, కొత్త ఆయుధం లేదు, లీడర్‌బోర్డ్ లేదు. ఆడినవాడికి "ఇంతేనా?" అనిపిస్తే మేం శాస్త్రం నుంచి పేర్లు మాత్రమే తీసుకున్నట్టు. "ఇది చాలు" అనిపిస్తే కథ కూడా తీసుకున్నట్టు. ఈసారి మీరు పురాణం పేరున్న ఏ గేమ్ ఆడినా గ్రాఫిక్స్ తర్వాత చూడండి. ముందు స్కోర్ దేనికి వస్తుందో చూడండి.

జై హనుమాన్.