పాత ఆటపెట్టెలను కూర్చుట యుక్తమా?

ధనమును దాచువానిని లోకము లోభి యనును. పుస్తకములను దాచువానిని పండితుడనును. పాత నాణెములను దాచువానిని జూచి నవ్వి యూరకుండును. మఱి, పిల్లలు ఆడుకొని పాఱవేసిన ఆటవస్తువును, నలువదేండ్లకు చేరువైన గృహస్థుడు దూరదేశమునుండి వెలపెట్టి తెప్పించి దాచుకొన్నచో నాతని నేమనవలెను? ఈ ప్రశ్న చూపునకు చిన్నది. కాని మనుష్యునకును వస్తువునకును గల సంబంధమెట్టిదను పెద్ద ప్రశ్న దీని వెనుక దాగియున్నది. గడచిన వేసవిలో యాడికిలో, మా బంధువులయింట జరిగిన యొక చిన్న వివాదము మమ్ము దీనిని గూర్చి యాలోచింపజేసినది.

అనంతపురము జిల్లాలో తాడిపత్రికి చేరువనున్న యాడికి మగ్గముల యూరు. చుట్టును వేరుసెనగ చేలు, నాపరాతి నేలలు. ఈ జిల్లాలో ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అదియు రావలసినప్పుడు రాదు. మేము బసచేసిన యింటి పెద్ద రైతు. ఆయన త్రవ్వించిన మూడు బోర్లును ఎండిపోయినవి. నాలుగవదానికై ఆయన పైకము కూర్చుకొనుచుండగా, బెంగుళూరులో ఉద్యోగము చేయు కుమారుడు సెలవులకు వచ్చి, జపానునుండి పాత వీడియో గేము పెట్టె నొకదానిని తెప్పింపబోవుచున్నానని చెప్పెను. దాని వెల, రవాణా కూలి, సుంకము కలిసి అతని నెల జీతములో సగమునకు వచ్చునట.

“బోరుకు లేని దుడ్డు బొమ్మకు యాడనుంచి వచ్చెరా?” అని తండ్రి యడిగెను.

“మూడు బోర్లు ఎండిపోయె గదా నాయనా, నాలుగోదానికి పోసేది మాత్రం జూదం కాదా? ఇది బొమ్మ కాదు, నా చిన్నతనము” అని కుమారుడు బదులు చెప్పెను.

మూలను కూర్చున్న అవ్వ నవ్వి, “నీ చిన్నతనం ఈడనే ఉండాది గదరా, జపాను నుంచి తెచ్చుకొనేదేమి?” అనెను.

ఎవరును మఱల నోరెత్తలేదు. తండ్రి తీర్పు చెప్పుమని మావైపు చూచెను. మేము వెంటనే చెప్పలేకపోతిమి. ఏలన, ఈ తప్పునో ఒప్పునో ఒకప్పుడు మేమును చేసినవారమే. ఆ సంగతి ముందు చెప్పుదుము.

ఆ కుమారుడు కోరిన యంత్రము ఫ్యామికామ్. క్యోటో నగరమున 1889లో పూలబొమ్మల పేకముక్కలు చేయుటకు ఆరంభమైన నింటెండో సంస్థ, 1983 జులై 15వ తేదీన దీనిని 14,800 యెన్నులకు జపానులో విడుదల చేసినది. దీనిని రూపొందించినవాడు మసయుకి ఉయెమురా. ఎఱుపు తెలుపు రంగుల ప్లాస్టిక్కు పెట్టె. పెట్టెకే అతికియున్న రెండు చేతిమీటలు. రెండవ మీటలో చిన్న మైకు. దీని పనిచేయు జ్ఞాపకశక్తి రెండు కిలోబైట్లు మాత్రమే. నేడు మన చేతిలోని ఫోను తీయు ఒక్క ఛాయాచిత్రమును పట్టుటకు ఆ చోటు చాలదు. అంత యిఱుకు చోటున ఆ శిల్పులు పర్వతములను, కోటలను, నీటి యడుగు లోకములను నిర్మించి, 1985లో మారియో ఆటను ప్రపంచమున కిచ్చిరి. కఱవు సీమలో పుట్టిన మనకు, కొంచెపు నీటితో పంట తీయు రైతు నేర్పును చూచినప్పుడు కలుగు గౌరవమే, దీని లోపలి పనితనమును చూచినప్పుడును కలుగవలెను.

మన యూళ్ళకు ఈ యంత్రము తన సొంత పేరుతో రాలేదు. 1990ల నాటికి సమురాయ్ మొదలగు పేర్లతోను, పేరే లేని నకళ్ళుగాను బజారులకు వచ్చినది. వాని ఆటబిళ్ళను మనవారు క్యాసెట్టు అనిరి. దానిపై “9999999 ఆటలు” అని అచ్చువేసియుండెడిది. తీరా చూడగా పదో ఇరువదియో ఆటలే పేర్లు మార్చుకొని మరల మరల వచ్చుచుండెడివి. అయినను, గంటకింతని అద్దె కట్టి, ఇఱుకు గదిలో పదిమంది పిల్లలు ఒక్క టీవీ ముందు చేరి, ఒకడు ఆడుచుండగా తొమ్మిదిమంది సలహాలు చెప్పిన ఆ మధ్యాహ్నములు అబద్ధములు గావు. కరెంటు పోయినప్పుడు కూడబలుకుకొన్నట్లు అందఱు ఒక్కమారు వేసిన కేక అబద్ధము గాదు. యాడికి కుమారుడు తన చిన్నతనమని చెప్పినది దీనినే. ఒకనాడు మేమును ఆ తొమ్మిదిమందిలో నొకరమే.

ఇక మా తప్పు. కొన్నియేండ్ల క్రిందట, నాలుగు డబ్బులు చేతికి వచ్చిన వెంటనే, అసలైన జపాను పెట్టె యని నమ్మి యొక వర్తకునివద్ద మేమొకటి కొంటిమి. అట్టపెట్టె చెడునేమో యని భయపడి, విప్పక బీరువాలో నుంచితిమి. వచ్చినవారికి దూరమునుండి చూపుచుంటిమి. మా తమ్ముని కుమారుడు ముట్టబోగా కసరితిమి. ఆ బాలుడు మఱల దాని సంగతి యెత్తలేదు. మాతో ఆటల సంగతియే యెత్తలేదు. రెండేండ్ల తరువాత విప్పి చూడగా, లోపలి పలకమీద నల్లని తారుబొట్టువంటి ముద్దలో యంత్రమంతయు నణచిన నకలు బయటపడినది. వర్తకుడు మమ్ము మోసగించెను, నిజమే. కాని, విప్పక దాచినంతకాలము అసలునకును నకలునకును మాకు భేదమేమున్నది? మాకు కావలసినది యంత్రము గాదు, అది మాయొద్ద నున్నదను పేరు. ఈ యెఱుక వర్తకుని మోసముకంటె మమ్మెక్కువ బాధించినది.

కావున కూర్చుటలో రెండు తెగలున్నవని మాకు తోచుచున్నది. ఒకటి కూడబెట్టుట, రెండవది కాపాడుట. పైకి రెండును ఒకటిగానే కనబడును. కూడబెట్టువాడు వస్తువును ఇతరులనుండి దాచును. కాపాడువాడు వస్తువును కాలమునుండి దాచును. మన సీమలోనే దీనికి నిదర్శనమున్నది. 19వ శతాబ్ద్యారంభమున కాలిన్ మెకంజీ దత్తమండలముల గ్రామములకు తన మనుష్యులను పంపి, కరణములవద్ద నున్న కైఫీయతులను వ్రాయించి తెప్పించెను. తరువాత బ్రౌను దొర కడపలో పండితులను జీతములిచ్చి నిలిపి, చెదలు తినుచున్న తాళపత్రములకు ప్రతులు వ్రాయించెను. ఆ నాడు అవి పాత చెత్త యని తలచినవా రుండకపోరు. వారు బీరువాకు తాళము వేసి తృప్తిపడియుండినచో మన కేమి మిగిలియుండును? ప్రతులు తీయించి, చదివించి, పదుగురకు అందునట్లు చేసిరి గనుకనే ఆ కూర్పు లోభము గాక సేవ యైనది.

తాళపత్రమునకును ఆటబొమ్మకును పోలికయా యని కొందఱు నవ్వవచ్చును. విలువలో పోలిక లేదు; నశించు తీరులో మాత్రము కలదు. నింటెండోవారు ఫ్యామికామ్ తయారీని 2003లోను, మరమ్మతులను 2007లోను ఆపివేసిరి. కన్నవారే చేయి విడిచిన బిడ్డ యది. ఎండ సోకిన ప్లాస్టిక్కు పసుపుబాఱును. లోపలి కెపాసిటర్లు ఎండియో కాఱియో పలకను చెఱచును. ఆట నిలిచినచోటును గుర్తుంచుకొనుటకై కొన్ని క్యాసెట్లలో చిన్న బ్యాటరీ నమర్చిరి. అది యారిపోయిననాడు, ఏ బాలుడో నెలలతరబడి గెలిచి నిలిపిన గుర్తులన్నియు ఒక్కసారిగా మాయమగును. ఉయెమురా సైతము ఉద్యోగము విడిచిన పిమ్మట క్యోటోలోని రిత్సుమెయికన్ విశ్వవిద్యాలయమున ఆటల అధ్యయన కేంద్రమునకు పెద్దయై, 2021లో మరణించెను. తన చేతి పని భద్రముగా నిలువవలెనని చేసినవానికే తోచినప్పుడు, అది వట్టి పిల్లచేష్ట యని మనము త్రోసివేయరాదు.

అయినచో ఎవరైనను ఈ పనికి పూనుకొనవచ్చునా? పూనుకొనవచ్చును, కాని మొదటి మెట్టు కొనుట గాదు, తెలిసికొనుట. జపాను యంత్రము 100 వోల్టుల కరెంటునకు చేసినది. మన గోడలోనిది 230. తెలియక తగిలించినవాడు నలుబదేండ్ల అడాప్టరును ఒక్క క్షణములో కాల్చివేయును. జపాను టీవీ పద్ధతి వేఱు, మన పద్ధతి వేఱు. జపాను క్యాసెట్టునకు 60 పిన్నులు, అమెరికా క్యాసెట్టునకు 72. ఒకటి రెండవదానిలో నిమడదు. మన పాత నకళ్ళు పెక్కు 60 పిన్నులవే గనుక, అటకమీది క్యాసెట్టు జపాను పెట్టెలో నాడుటయు కలదు. బాతులను కాల్చు తుపాకి ఆట పాత గాజుగొట్టపు టీవీలోనే పనిచేయును. క్రొత్త పలుచని టీవీలో ఆ తుపాకి గ్రుడ్డిది. క్యాసెట్టు పలుకనప్పుడు మనమందఱము నోటితో ఊదితిమి. ఆ తడికి పిన్నులు త్రుప్పుపట్టును. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో దూదిపుల్ల తడిపి మెల్లగా తుడువవలెను.

ఈ చిన్న నియమములన్నిటను ఒక నీతి యున్నది. తెలియనిదే ప్రేమింపలేము, ప్రేమింపనిదే కాపాడలేము. ఒక పెట్టెను, నాలుగు క్యాసెట్లను చక్కగా ఎఱిగినవాడు ఆరంభించినవాడు. నూఱు క్యాసెట్లను వరుసపెట్టి ఒక్కటియు ఆడనివాడు ఇంకను ఆరంభింపలేదు. అప్పుచేసి కొన్నది ఆటవస్తువు గాదు, సంకెల. ఇంటివారికి చెప్పక కొన్నది వినోదము గాదు, దొంగతనము. పిల్లలు ముట్టరాని ఆటబొమ్మ బొమ్మయే కాదు.

ఇక తండ్రికొడుకుల వాదము. బోరును జూదమని కుమారుడనుట మాకు సమ్మతము గాలేదు. నీరు పడునో పడదో తెలియకపోవుట నిజమే. కాని జూదరి ఓడినచో మానుకొనవచ్చును. రైతు ఓడినను చేను వదలి పోలేడు. ఆశ రెండింట నున్నను, ఒకదానిని మనము ఎన్నుకొందుము, మఱియొకటి మనలను పట్టుకొనును. తండ్రి మాట కూడ పూర్తిగా సమ్మతము గాలేదు. బోరు నిండువఱకు నవ్వరాదన్నచో ఈ సీమలో తరతరములు నవ్వక చావవలసినదే. కఱవు దినములలో తోలుబొమ్మలాట లాగిపోలేదు, చెక్కభజన లాగిపోలేదు. ఆట మిగులు సొమ్ముతో కొను భోగము మాత్రమే కాదు. బ్రతుకును ఓర్చుటకు వలయు బలమును అదియే.

మా తీర్పిది. “నాయనా, బోరుకు నీవంతు ముందిమ్ము. పిమ్మట మిగిలినది నీ కష్టార్జితము. దానితో కొనుమని గాని మానుమని గాని మేము చెప్పము. కాని కొనుటకు ముందు అటక ఎక్కి చూడుము.” అవ్వ అప్పుడే నిచ్చెన చూపెను. పాత గోనెలో నొక నకలు పెట్టెయు, అట్ట చినిగిన మూడు క్యాసెట్లును దొరికినవి. రెండు దినములు తుడిచి, తీగ అతికించి, పొరుగింటి పాత టీవీకి తగిలింపగా మూడవ క్యాసెట్టు పలికినది. వీథి పిల్లలు చేరిరి. తండ్రి గడపలో నిలుచుండి, పిలిచినను లోనికి రాలేదు, వెళ్ళిపోనును లేదు.

ఆ నాలుగవ బోరులో నీరు పడినదో లేదో చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయుచున్న నాటికి ఇంకను త్రవ్వలేదు. కుమారుడు జపాను పెట్టెను మానుకొనలేదు. వచ్చే యేటికి వాయిదా వేసికొనినాడు. అది తప్పని మే మనము. అంతదాక అతడు చేయవలసిన పని చేతిలోనే యున్నది. మేమును ఇంటికి వచ్చి బీరువా తాళము తీసితిమి. నకలైననేమి, ఆడునుగదా. తమ్ముని కుమారునకు కబురంపితిమి. వాడిప్పుడు పెద్దవాడైనాడు, వచ్చునో రాడో తెలియదు. బొమ్మను నిలువచేయుట సులభము. దానితో ఆడవలసిన బాలుని నిలువచేయుట ఎవరితరమును గాదు. వస్తువులను కూర్చు చదువరులు ఈ యొక్క సంగతిని మఱువకుందురు గాక.