స్పర్శయే వాక్కు

దేవతకు షోడశోపచారములు సల్పునపుడు ప్రతి యుపచారమును ముందు మాటతో నివేదింతుము. ఆసనమనియు, పాద్యమనియు, స్నానమనియు తెలిపిన పిదపనే సమర్పింతుము. ఈ మర్యాదను ఇంటిలోని బిడ్డయెడల ఎంతవరకు పాటించుచున్నామో విచారింపవలసియున్నది.

ఖరగ్‌పూరు రైలుపట్టణమున, ఇందాలో నివసించు తెలుగువారికి ఇంట తెలుగు, వీధిలో బెంగాలీ, కార్యస్థలమున హిందీ వాడుక. అట్టి యింట చూపును వినికిడియు కొరవడిన బిడ్డ జన్మించినచో ఈ మూడు భాషలును ఆ బిడ్డను చేరజాలవు. చేరగలది స్పర్శ యొక్కటియే.

చెప్పక యెత్తుకొన్నను, చెప్పక నోట గరిటె నుంచినను, చెప్పక తలపై నీరు పోసినను ఆ బిడ్డ బెదరి పెనుగులాడును. పెద్దలు దానిని మొండితన మందురు. తల్లి ప్రేమతోనే చేసినది; కాని ఆ ప్రేమ ముందుగా తన రాకను తెలుపలేదు.

కావున ముందు భుజమును మృదువుగ తాకి నిలువవలెను. తల్లి తన గాజులను, తండ్రి తన గడియారమును తడవనిచ్చి తామెవరో తెలుపవలెను. భోజనమునకు ముందు గరిటెను, స్నానమునకు ముందు తువాలును చేతికందింపవలెను. ఏ పనికి ఏ గురుతో ఇంటివారందరు నొకటే పాటింపవలెను. బిడ్డ చేతిని పైనుండి పట్టి లాగక, మన చేతిని దాని క్రిందనుంచి, బిడ్డ తనంతట తడవి తెలిసికొనుటకు వేచియుండవలెను. మేను బిగించుట, మొగము త్రిప్పుట, చేయి చాచుట — ఇవియే బిడ్డ పలుకులు. ఇట్టి బిడ్డలలో పెక్కుమందికి కొంత చూపో, కొంత వినికిడియో మిగిలియుండును. వైద్యునిచే పరీక్షింపజేయుటయు కర్తవ్యమే.

ఇందుకు ఓర్పు కావలెను. అమెరికాలో ఆన్ సలివన్ 1887 మార్చిలో హెలెన్ కెల్లరునకు ఉపాధ్యాయిని యయ్యెను. నెల దినములకు పైగా ఆమె అరచేతిలో వ్రేళ్లతో మాటలు కూర్చుచుండినను ఆ బాలిక కర్థము కాలేదు. ఏప్రిల్ 5న ఒక చేతిపై నీటిధార పడుచుండగా, రెండవచేతిలో నీరను మాట కూర్చినంతనే వస్తువునకు నామము గలదని ఆ బాలికకు స్ఫురించెను. మన దేశమునను 1977లో ముంబయిలో ఇట్టి బిడ్డలకొరకు ఆమె పేర విద్యాలయము వెలసినది.

ఇరుగుపొరుగు పూర్వజన్మ పాపమని యనవచ్చును. కర్మసిద్ధాంతము మన నడతను మనము దిద్దుకొనుటకు. పరుల కన్నీటిని తూచుటకు గాదు. ఆ మాటకు వెరచి బిడ్డను లోపలిగదిలో దాచు తల్లిదండ్రులు దానికి మిగిలిన యొక్క ద్వారమును గూడ మూయుచున్నారు.

జీవులయెడ దయ చూపుటకు మనమెవ్వరము, శివుడను భావముతో జీవుని సేవింపవలెనని శ్రీరామకృష్ణులు 1884లో దక్షిణేశ్వరమున బోధించిరి. దయ అడుగకయే చేయును. సేవ అడిగి, ప్రత్యుత్తరమునకు నిరీక్షించును. నేటి సాయంకాలము ఆ బిడ్డకు అన్నము పెట్టునపుడు, ముందుగా మీ చేతితో అడుగుడు. ఆ చిన్నిచేయి కదలువరకు ఆగుడు.